కరెంటు పోయినప్పుడే జివ్వుమనేది

మా ఆయన పోయాక ఈ బెంగాలీల ఊళ్లో, సాల్ట్ లేక్ పేటలోని ఇంట్లో నేను ఒక్కదాన్నే గడిపిన తొలి వేసవిలో, ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమనడం మొదలైంది.

ఎప్పుడూ కాదు. సాయంత్రం కాలబైశాఖి, అంటే ఇక్కడి వేసవి గాలివాన, లేచి వీధిలో కరెంటు పోయినప్పుడే. డాబా మీద ఆయన పెట్టించిన సోలార్ పలకలు, మెట్ల కింద ఇన్వర్టరు, బ్యాటరీ ఉన్నాయి. వీధంతా చీకటైనా మా ఇంట్లో లైట్లు వెలిగేవి. ఆ వెలుతురులో మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరవబోతే, వేళ్ల మీద చీమలు పాకినట్టయ్యేది. కరెంటు రాగానే ఏమీ ఉండేది కాదు.

హైదరాబాదులో ఉన్న తమ్ముడికి ఫోన్లో చెప్పాను. వాడు మెల్లగా, "ఒక్కదానివే ఉంటున్నావు కదక్కా. ఓసారి నరాల డాక్టరుకి చూపించుకోకూడదూ?" అన్నాడు. పక్కింటావిడ కూడా బెంగాలీలో ఇంచుమించు అదే మాట అంది, నా భుజం నిమురుతూ.

సోలార్ పెట్టిన వాళ్ల మనిషి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. కరెంటు ఉంది. మీటరు పెట్టి చూసి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి నా మీద నాకే అనుమానం పట్టుకుంది. ఇంట్లో రెండో మనిషి ఉంటే, "ఏదీ, నువ్వు పట్టుకుని చూడు" అనొచ్చు. లేదంటే లేదని తేలిపోతుంది. ఆ మాట అనడానికి మనిషి లేకపోవడం ఏమిటో నాకు ఆ ఫ్రిజ్ ముందు నిలబడినప్పుడు తెలిసింది. రబ్బరు చెప్పులు వేసుకుని, వేలి వెనకవైపు ఆనించి చూసుకునేదాన్ని. కొన్నిసార్లు తగిలేది, కొన్నిసార్లు లేదు. గాలివాన వచ్చే సూచన కనిపిస్తే ముందే సీసాల్లో నీళ్లు పోసి బల్ల మీద పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

రోజూ పొద్దున్నే వచ్చి వెళ్లిపోయే పనమ్మాయి ఒకరోజు సాయంత్రం వచ్చి, వంటగది తుడుస్తుండగా కరెంటు పోయింది. చెప్పులు లేవు, నేల తడిగా ఉంది. మిగిలిన కూర లోపల పెడదామని ఫ్రిజ్ తలుపు పట్టుకుంది.

"ఓ మాగో!" అని అరిచి చెయ్యి లాక్కుంది. గిన్నె కింద పడింది.

నేను పరుగెత్తుకెళ్లి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. చెయ్యి చూశాను, నీళ్లు తాగించాను. ఆమెకేమీ కాలేదు. "మాశీమా, ఫ్రిజ్ షాక్ కొడుతోంది!" అంటూ నవ్వుతోంది, వణుకుతోంది. "నాకూ అంతే, నాకూ అలాగే" అంటూ ఆమె చెయ్యి వదలకుండా కూర్చున్నాను. భయం వేసిందన్నది నిజం. ఎన్నో రోజుల తర్వాత ఊపిరాడినట్టయిందన్నదీ నిజమే.

రేవు దగ్గరి వాట్‌గంజ్ నుంచి వచ్చే ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడని ఆమే చెప్పింది. తను పనిచేసే ఇంకో ఇంట్లో ఫ్యాన్లు బిగించాడట. "మీ భాషే మాట్లాడతాడు" అంది.

ఆదివారం పొద్దున్నే వచ్చాడాయన. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి రేవులో పనికి వచ్చాడట.

"ఏటమ్మా, ఏటయినాది?" అన్నాడు.

జవాబు చెప్పబోతే నా నోట ముందు బెంగాలీ మాటే వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషితో తెలుగులో మాట్లాడి ఎన్నాళ్లయిందో.

ఆయన మీటరు తీశాడు. కరెంటు ఉంటే ఏమీ దొరకదని చెప్పి, నేనే మెయిన్ స్విచ్ ఆపాను. ఇల్లు ఇన్వర్టరు మీదికి మారింది. ఆయన టెస్టరు ప్లగ్గులో ఒక రంధ్రంలో పెడితే వెలిగింది. రెండోదాంట్లో పెట్టినా సన్నగా వెలిగింది.

"ఇదిగోనమ్మా, న్యూట్రల్ గాల్లో ఉన్నాది" అన్నాడు. వీధి కరెంటు వచ్చేటప్పుడు ఆ తీగ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర భూమికి కట్టి ఉంటుందట. కరెంటు పోగానే ఇన్వర్టరు వీధి తీగలు రెండింటినీ విడదీస్తుంది. అప్పుడు ఇంటి న్యూట్రల్‌కి భూమితో సంబంధం ఉండదు. పెరట్లో ఎర్తు గుంత తవ్వి చూస్తే తీగ చిలుం పట్టి, ముట్టుకుంటే ఊడొచ్చేలా ఉంది. అందుకే ఫ్రిజ్ ఒంటికి చేరిన కాస్త కరెంటూ భూమిలోకి దిగే దారి లేక, పట్టుకున్న మనిషిలోంచి దిగేదట.

కొత్త ఎర్తు తీగ వేశాడు. జివ్వుమనడం పోయింది. ఇక చాలేమో అన్నాను.

"చాలదమ్మా. రేపు లోపల వైరు తెగి ఫ్రిజ్‌కి తగిలితే బ్రేకరు పడాల కదా? న్యూట్రల్ గాల్లో ఉంటే పడదు" అని, ఇన్వర్టరు దగ్గర న్యూట్రల్‌నీ ఎర్తునీ ఒక తీగతో కలిపేశాడు. మెయిన్ వేశాం. వెంటనే టప్పున బ్రేకరు పడిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ పడింది.

ఆయన తల గోక్కున్నాడు. "తప్పు చేసీసినానమ్మా. వీధి కరెంటు ఉన్నప్పుడు న్యూట్రల్ అక్కడ ట్రాన్స్‌ఫార్మరు కాడా, ఇక్కడా, రెండు చోట్ల భూమికి కలిసిపోతన్నాది." తీగ తీసేసి, తెలిసినవాళ్లని అడిగి వస్తానని వెళ్లాడు. ఇక రాడనుకున్నాను.

తర్వాతి ఆదివారం చిన్న రిలే పట్టుకొచ్చాడు. ఇన్వర్టరు నడిచేటప్పుడు మాత్రమే అది న్యూట్రల్‌నీ ఎర్తునీ కలుపుతుంది, వీధి కరెంటు రాగానే విడదీస్తుంది. మెయిన్ ఆపి, వేసి చాలాసార్లు చూశాం. బ్రేకరు నిలిచింది. ఇన్వర్టరు మీద ఉన్నప్పుడు లోపం పుట్టించి చూస్తే పడాల్సినట్టు పడింది కూడా.

పెసరట్టు వేసిపెట్టాను. తింటూ, వాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరన్నాడు. ఇంకో అట్టు వెయ్యనా అంటే వద్దని, పార్క్ సర్కస్ పేటలో ఇంకో పని ఉందని లేచాడు. గేటు దాకా వెళ్లాను. ఏదైనా అయితే ఫోన్ చెయ్యమన్నాడు.

ఆ వానాకాలమంతా ఏమీ కాలేదు. తమ్ముడికి చెబితే, "అమ్మయ్య" అని వాళ్లావిడకి ఫోనిచ్చాడు. ఎలక్ట్రీషియన్ నంబరు ఫోన్లో ఉంది. ఒకటి రెండుసార్లు తీసి చూశాను. పిలవడానికి పనేమీ కనిపించక, మళ్లీ పెట్టేశాను.