జతేనని చెప్పిన చేపలు

మొన్న ఆదివారం మా మనవరాలు కాకినాడ బజారులో ఏదో అక్వేరియం కొట్టుకు వెళ్ళి, గాలి నింపిన ప్లాస్టిక్ కవరులో ఆరు ఏంజెల్ చేపపిల్లల్ని తెచ్చి, నా కళ్ళజోడు కూడా వెతికి చేతిలో పెట్టి, "తాతయ్యా, నువ్వు చిన్నప్పుడు చేపల షాపులో పనిచేశావంట కదా, వీటిలో మగవేవో ఆడవేవో చెప్పు" అని ఎదురుగా కూర్చుంది. ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత కూడా లేదు. కవరును వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాను. అందులో చూడడానికి ఏమీ ఉండదని నాకు బాగా తెలుసు, అయినా చూస్తూనే ఉన్నాను, ఎందుకంటే ఆ కవరులోంచి నాకు ధవళేశ్వరంలో మా పిన్ని ఇల్లు కనబడుతోంది.

జువాలజీతో డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం రాక, రాజమండ్రిలో మా మావయ్య పెట్టిన చేపల కొట్టులో కూర్చున్న రోజులవి. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో డాబా కట్టిన ప్రతివాళ్ళూ హాల్లో ఒక గాజు తొట్టి పెట్టి, అందులో నీలం రంగు గులకరాళ్ళు పోసి, వచ్చినవాళ్ళకు చూపించి మురిసిపోయేవారు. మా వైపు ఒంటిగా ఏదీ ఇవ్వరు, పుచ్చుకోరు. తాంబూలంలో అరటిపళ్ళు రెండుండాలి, పూజ సామాన్ల చీటీలో ఒకటని రాసినా చేతిలో రెండు పెట్టాలి. ఆ పట్టింపు చేపల దాకా వచ్చింది. కొట్టులోకి వచ్చినవారు జతే అడిగేవారు, అందులో ఏది మగదో ఏది ఆడదో వేలుపెట్టి చూపించమనేవారు.

ఏంజెల్ చేపలు సిక్లిడ్లనే జాతివి. ఆ జాతిలో కొన్నిటికి చిన్నతనంలోనే ఆనవాళ్ళుంటాయి. నల్లచారల చేపల్లో ఆడదానికి పొట్ట మీద నారింజ రంగు తేలుతుంది, మరికొన్నిటిని కాస్త ఎదిగాక తడి అరచేతిలో వెల్లకిలా పట్టుకుని చూస్తే పొట్ట కింది రంధ్రాలను బట్టి చెప్పవచ్చు. ఏంజెల్ చేపల దగ్గర మాత్రం నా చదువు పప్పులేవీ ఉడకలేదు. గుడ్లు పెట్టే వేళకు పొట్ట కింద చిన్న గొట్టం ఒకటి బయటపడుతుంది. సన్నగా మొనదేలి ఉంటే మగ, లావుగా మొద్దుగా ఉంటే ఆడ. అంతవరకూ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఆ సంగతి వచ్చినవాళ్ళతో అంటే కొట్టు మూసుకోవలసిందేనని మావయ్య అనేవాడు. అందుకని కాస్త పెద్దగా కనబడినదాన్ని మగదనీ, చిన్నదాన్ని ఆడదనీ, ఎంతో నమ్మకంగా చెప్పి పంపించేవాణ్ణి.

పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు. ఆవిడకు పిల్లలు లేరు. వీధిలో సీమంతాలకూ బారసాలలకూ ఆవిడను పిలవడం మరిచిపోయే ఆడవాళ్ళే వేసవి వచ్చేసరికి బేసిన్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "పిన్నిగారూ, ఒక్కసారి వచ్చి మీ చెయ్యి పెట్టండి" అని బతిమాలేవారు. పిన్ని కలిపిన ఆవకాయ ఏడాది తిరిగినా బూజు పట్టదని పేరు. ఆ పది రోజులూ ఆవిడ మోచేతుల దాకా కారం పూసుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే, ఆ ముఖంలో ఉండే వెలుగు నేను మళ్ళీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

ఒకనాడు కొట్టుకు వచ్చి, ఏంజెల్ చేపల్లో పిల్లలు పెట్టే జత ఏరి ఇవ్వరా నాన్నా అని అడిగింది. నేను ఎప్పటిలాగే ఒక పెద్దదాన్నీ ఒక చిన్నదాన్నీ ఏరి ఇచ్చాను. ఎనిమిది నెలలు పెంచింది. ఒకరోజు గాజుకు అంటుకుని వరసగా గుడ్లు కనబడితే వీధంతా పిలిచి చూపించిందట. రెండోరోజుకు గుడ్లన్నీ తెల్లబడి, మూడోరోజుకు బూజు పట్టి రాలిపోయాయి. పదిహేను రోజులకు మళ్ళీ పెట్టాయి, మళ్ళీ తెల్లబడ్డాయి. కబురు పెడితే సైకిలు మీద వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి చేపలు గుడ్లు పెడుతున్నాయి. ఒకటి గాజును రాసుకుంటూ పైకి వెళ్ళి గుడ్ల వరస పెట్టి తప్పుకుంది, రెండోది వచ్చి దాని పక్కన ఇంకో వరస పెట్టింది. రెండింటి గొట్టాలూ మొద్దుగానే ఉన్నాయి. మగది లేనప్పుడు రెండు ఆడచేపలు ఇలా జతకట్టి గుడ్లు పెట్టడం, ఆ గుడ్లు పిల్లలు కాకుండా తెల్లబడిపోవడం ఉంటుందని నేను చదివాను. చెప్పడానికే నోరు తెరిచాను. అంతలో పక్కింటావిడలు ఇద్దరు వచ్చారు. "మా అబ్బాయేనండీ ఏరి ఇచ్చాడు. వీడు చేప మొహం చూసి చెప్పేస్తాడు, దానికి పెద్ద చదువే చదివాడు" అని పిన్ని మురిసిపోతూ చెప్పింది. వాళ్ళ ముందు నా చదువు పరువు పోతుందనిపించింది. నీళ్ళ దోషం పిన్నీ, వీటికి బోరు నీళ్ళు పడవు, కాలవ నీళ్ళు పోసి చూడు అన్నాను.

ఆవిడ నమ్మింది. మోకాళ్ళ నొప్పులతో రోజూ పొద్దున్నే కాలవకు వెళ్ళి బిందెతో నీళ్ళు మోసి, తేర్చి, పాత చీర ముక్కతో వడకట్టి పోసింది. ఆ వానాకాలమంతా మోసింది. గుడ్లు మాత్రం తెల్లబడుతూనే ఉన్నాయి. మళ్ళీ వెళ్ళినప్పుడు పిన్ని తన అరచెయ్యి చూసుకుంటూ, "నీళ్ళు కాదులేరా నాన్నా, నా చెయ్యే" అంది. రెండూ ఆడవే పిన్నీ అంటే అయిపోయేది. భలేదానివే అని నవ్వేసి సైకిలెక్కాను.

ఆ తరువాతి వేసవిలో బేసిన్లతో వచ్చినవాళ్ళను పిన్ని గుమ్మంలోంచే పంపించేసింది. "నా చెయ్యి వద్దండీ, ఇంకెవరినైనా పిలుచుకోండి" అందట. వయసు మీదపడింది కాబోలనుకున్నారు అందరూ. అమ్మ చెప్పినప్పుడు కారణం నాకొక్కడికే తెలుసు, అయినా వెళ్ళలేదు. ఈలోగా కాకినాడలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, చెబుదాం చెబుదామనుకుంటూ ఏళ్ళు గడిపేశాను. పిన్ని మాత్రం ఏటా వేసవిలో ఆవకాయ జాడీ పంపేది. తనవాళ్ళకు కలుపుతూనే ఉంది కదా అని ఆ జాడీని చూసి నేను మనసుకు సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆవిడ పోయిన పన్నెండోరోజున, భోజనాలయ్యాక, బాబాయి పక్కన కూర్చుని ఆ చేపల సంగతి చెప్పేశాను. ఆయన అంతా విన్నారు. తరువాత, "నీకు పంపిన ఆవకాయ నేనే కలిపేవాణ్ణిరా. మీ పిన్ని దూరంగా పీట వేసుకుని కొలతలు చెప్పేది. వాడు కొత్తగా కాపురం పెట్టాడు, పిల్లలు పుట్టాల్సిన ఇల్లు, నా చెయ్యి పడకూడదండీ అనేది" అన్నారు. నన్ను ఒక్కమాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు కాలం మారింది. ఆవకాయ సీసాల్లో వస్తోంది, ఎవరి చెయ్యి మంచిదో ఎవరికీ అక్కర్లేదు. ఒకందుకు మంచిదే, కానీ ఏడాదికి పది రోజులు వీధంతా తన చెయ్యి కావాలనే గర్వం కూడా ఎవరికీ లేకుండా పోయింది. చేపల కొట్టులోనూ జతలు ఇవ్వడం లేదు. ఇంత చిన్నప్పుడు తెలియదు, ఆరు పెంచుకో, పెద్దయ్యాక అవే జత చూసుకుంటాయి అని అక్కడి అమ్మాయి మొహం మీదే చెప్పిందట. తాతయ్యకైతే తెలుస్తుందేమోనని మా మనవరాలి ఆశ.

కవరు ఆమె చేతికిచ్చి, "నాకు తెలియదమ్మా" అన్నాను. "సర్లే తాతయ్యా" అని తను తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది. అంతే. ఎవరూ నవ్వలేదు, నా పరువేమీ పోలేదు. నేను మాత్రం కవరు తడి అంటిన చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, "రెండూ ఆడవే పిన్నీ" అని, ఆవిడకు చెప్పవలసిన మాటను చిన్నగా పైకే అనుకున్నాను.