అరవై ఎనిమిదేళ్ల బాలింత

గురజాల తాలూకాలోని జబ్బులన్నీ కూడబలుక్కుని ఒక్క ఒంటి మీదికే వచ్చినా, ఆ ఒళ్లు తెల్లారేసరికి మిరపచేలో అందరికంటే ముందుంటుంది. అది మా నాయనమ్మ జ్ఞానమ్మ ఒళ్లు. దేశంలో అలాంటిది ఇంకొకటి చూపిస్తే నేను చదివిన ఐదో తరగతి వాపసు ఇచ్చేస్తాను.

ఆస్పత్రికి పోయే గురువారం వచ్చిందంటే ఆమెకు జబ్బు చేయాల్సిందే. ఒక వారం వేవిళ్లు. మరో వారం రొమ్ములో పాలు గడ్డకట్టాయి. పంతొమ్మిది వందల అరవై రెండులో ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. ఊళ్లో కొత్తగా ఆస్పత్రి పెట్టిన ధనుంజయరావు డాక్టరు ఆమెను చూడగానే లావుపాటి పుస్తకం తీసేవాడు. అందులో దొరక్క కళ్లజోడు తుడుచుకునేవాడు. మళ్లీ పుస్తకం తీసేవాడు.

కాంపౌండరు ఖాసిం మంచివాడే. కానీ మందు కట్టాక మనిషిని పేరుతో పిలవడు, జబ్బుతో పిలుస్తాడు. "గజ్జి ఎవరు? మొలలు ఎవరు? రండి." వరండా బల్ల మీది మగాళ్లంతా తలలు తిప్పి చూసేవాళ్లు. ఆడవాళ్ల జబ్బు పేరు వినపడితే ఏ ఆడమనిషీ లేచేది కాదు. మా నాయనమ్మ ఒక్కతే చెయ్యెత్తేది.

"నేనే. ఇటియ్యి."

ఆ గురువారం ఆమె డాక్టరు ముందు చతికిలబడి, "తెల్లబట్ట నాయనా. చానా దురద, మంట. పెరుగు విరిగినట్టు పడతంది" అంది.

"ఎన్నాళ్లబట్టి మామ్మా?"

"కానుపైన కాడ్నించి."

డాక్టరు కలం ఆగింది. "కానుపు ఎప్పుడైంది?"

"మూడు నెల్లయింది. జొరమొస్తే పది సూదులు పొడిచారు. జొరం పోయింది, ఇది పట్టుకుంది."

డాక్టరు ఆమె నెరిసిన జుట్టు చూశాడు. పుస్తకం చూశాడు. లక్షణాలన్నీ సరిగ్గా ఉన్నాయి, మనిషే సరిపోవడం లేదు. ఇది బూజు లాంటి జబ్బని, కొత్తగా మింగే మాత్రలొచ్చాయని చెప్పాడు.

"రోజుకు మూడు, పద్నాలుగు రోజులు. దురద తగ్గిందని మానకూడదు. ఒక్కటి తగ్గినా తిరగబెడుతుంది. మొదటిది నా ఎదురుగా మింగు."

నాయనమ్మ మాత్ర వంక చూసింది, డాక్టరు వంక చూసింది, మింగేసింది. వెంటనే చెయ్యి చాపింది.

"ఇంకోటియ్యి."

"ఎందుకు?"

"లెక్క తగ్గిద్దిగా."

"తగ్గింది నీ కడుపులోకే పోయింది కదా మామ్మా?"

ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. గొంతు తగ్గించి, "మరి ఇయ్యి మింగతా బిడ్డకు పాలియ్యొచ్చా?" అని అడిగింది.

కిటికీ దగ్గర ఖాసిం చేతిలో సీసా జారింది. డాక్టరు మాత్రం మెల్లగా పుస్తకం మూసేశాడు. ఆమె కోసం దాన్ని మళ్లీ ఎప్పుడూ తెరవలేదు.

"ఇవ్వొచ్చు. నీకేం కాదు, నీ బిడ్డకేం కాదు" అని, చీటీలో ఇంకొక మాత్ర కలిపి రాశాడు.

కాసేపటికి ఖాసిం కేకేశాడు. "తెల్లబట్ట ఎవరు?"

"నేనే" అంది నాయనమ్మ, బల్ల మీది మగాళ్లందరినీ పేరుపేరునా చూస్తూ.

ఇంటికి రాగానే ఆ పొట్లం జొన్నపిండి గిన్నెలో కప్పెట్టి, "పిండి బదులు తీర్చొస్తా" అంటూ బయల్దేరింది. మేము ఎవరి దగ్గరా పిండి బదులు తెచ్చిన పాపాన పోలేదు. ఏమీ అర్థంకాక వెనకే వెళ్లాను. వెనక వీధిలో చంటిబిడ్డ తల్లి ఒకతె ఆ గిన్నె అందుకుంది.

"నా ఎదురుగా మింగు" అంటోంది నాయనమ్మ. "తగ్గిందని మానితే ఊరుకోను. లెక్కంటే లెక్కే."

పద్నాలుగు రోజులూ ఆమె రోజూ పొద్దున్నే పిండి బదులు తీర్చింది. పదిహేనో రోజు ఆ పిల్ల బిడ్డను చంకనేసుకుని నవ్వుతూ మా వాకిట్లోకి వచ్చింది. ఆ గురువారం నాయనమ్మకు ముట్టునొప్పి వచ్చింది.

"ఇదంతా రాస్తా నాయనమ్మా, ఆ పిల్ల పేరుతో సహా" అన్నాను.

"పేరు రాశావంటే చెయ్యి విరుస్తా. నాకే వచ్చిందని రాసుకో."