కాలు తీసినా ఆగని కారు

నిన్న పొద్దున కారు షోరూం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, మా సర్వీసుకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు సార్ అని అడిగింది. నేను గొడుగు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పరుపుల దుకాణం దాకా వచ్చేసరికి లైను కట్టయింది. కట్టయిందో, ఆమే కట్ చేసిందో తెలియదు గాని, అదీ గుర్తుపెట్టుకున్నాను. సగంలో ఆగిన కథ రోజంతా నోట్లోనే తిరిగింది. అందుకే మీకు మొత్తం చెబుతున్నాను.

ముందు గొడుగు. మా నాయన వాడిన నల్ల గొడుగు, చెక్క పిడిది. కారు కొన్న కొత్తలో మొదటి సర్వీసుకు ఇచ్చినప్పుడు వెనక సీటు మీద ఉంది, తిరిగొచ్చినప్పుడు లేదు. అసలు గొడుగే లేదు పొమ్మన్నారు. మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఆ రోజు నుంచి సర్వీసుకు ఇచ్చే ముందు కారును ఖాళీ చేయడం నాకు నియమమైంది. డాష్‌బోర్డు మీది వినాయకుడు, నీళ్ల సీసా, చివరికి కాళ్ల కింది ఎర్ర తివాచీ కూడా మెట్లెక్కి ఇంట్లోకి రావలసిందే.

ఆ తివాచీకీ ఒక చరిత్ర ఉంది. పూజ చేసిన బండిలో చెప్పులతో కూర్చోవడం మా ఇంట్లో లేదు. చెప్పులు విప్పి సంచిలో పెట్టి వెనక పెడతాం. కారుతో వచ్చిన రబ్బరు పట్టా మీద గరుకు గీతలుంటే అవి మా ఆవిడ అరికాళ్లకు గుచ్చుకుంటాయని, పైగా పట్టా పాడవకుండా ఉంటుందని, అఫ్జల్‌గంజ్‌లో మందపాటి తివాచీ ముక్క కొనుక్కొచ్చి, కొలిచి కత్తిరించి, నేనే దాని మీద పరిచాను. ఆమె కూర్చుని కాలివేళ్లు ఆడించి, మెత్తగా ఉందంది. ముప్పై ఏళ్ల కాపురంలో నేను తెచ్చిన వస్తువుకు ఆమె వంక పెట్టకపోవడం అదే మొదటిసారి.

కారు నాది అనుకునేరు. నడిపేది ఆమె. యాభై దాటాక నేర్చుకుంది. శాలిబండలో మా వీధి ఆడవాళ్ల భజన మండలికి హార్మోనియం ఆమెదే. ప్రతి శుక్రవారం డిక్కీలో హార్మోనియం, వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్లు, ఏదో ఒక గుడికి ప్రయాణం. అంతకు ముందు ఆటోలో ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని పోయేవాళ్లు. కారు వచ్చాక వాళ్ల భజన చంపాపేట దాకా పాకింది.

అసలు సంగతి జరిగిన రోజు శుక్రవారం కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జహనుమాలో మా తోడల్లుడి ఇంటికి బయల్దేరింది. ఆయన ఆమె అక్క భర్త. శాలిబండ ఎక్కుడులో ముందు బస్సు ఆగి కదలడంతో రేజ్, అదే యాక్సిలరేటర్, గట్టిగా తొక్కింది. ఎక్కుడు అయిపోయింది. రోడ్డు చదునైంది. కారు మాత్రం ఎవరో వెనక నుంచి తోసినట్టు ఉరికింది. ఇంజన్ అరుపు పెరిగిపోతోంది. "కాలు తీసిన! తీసినా పోతుంది!" అంది. నేను వంగి చూశాను. తీసింది. రెండు కాళ్లూ బ్రేకు మీదే ఉన్నాయి, పెడల్ రాయిలా బిగుసుకుపోయింది, కారు గునుస్తూ ముందుకే పోతోంది. ఎడమ పక్క పరుపులు కుట్టే దుకాణం, ముందు ఎండకు నిలబెట్టిన కొత్త పరుపులు. ఆమె స్టీరింగ్ అటు తిప్పింది. మెత్తటి దెబ్బ తగిలింది. అద్దం నిండా దూది. తాళం తిప్పి ఇంజన్ ఆపిందీ ఆమే. నేను చేసిందల్లా తలుపు పిడి పట్టుకుని దేవుళ్ల పేర్లు తప్పుగా పలకడం. ఎవరికీ గీత కూడా పడలేదు. దుకాణం ముసలాయన ముందు ఆమెకు నీళ్లిచ్చాడు, తర్వాత చినిగిన పరుపులు చూసుకున్నాడు. ఆ రెండు పరుపులూ మేమే కొన్నాం. ఇప్పటికీ పడుకునేది వాటి మీదనే.

ఆ సాయంత్రం తోడల్లుడు వచ్చాడు. చాయ్ తాగి, సాసర్ కింద పెట్టి, ఆమె వినేలా నాతో అన్నాడు: "బ్రేకనుకొని రేజ్ తొక్కి ఉంటది తమ్మీ. ఆడోళ్లకు గీ ఆటోమేటిక్ బండ్లు ఇయ్యొద్దు."

ఆమె లేచింది. తాళం చెవి తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టింది. హార్మోనియం మీద దుప్పటి కప్పింది. మండలి ఆడవాళ్లు వచ్చి పిలిస్తే మోకాళ్ల నొప్పి అంది. ఆమె మోకాళ్లు నా వాటికన్నా గట్టివి.

నేను ఊరుకునే మనిషినా? షోరూంకు మూడుసార్లు పోయాను. మూడుసార్లూ నియమం తప్పకుండా కారు ఖాళీ చేసి, తివాచీ డాబా మీద దులిపి ఆరేసి మరీ పోయాను. కంప్యూటర్ తగిలించారు, నడిపి చూశారు, ఏ లోపమూ లేదని కాగితం ఇచ్చారు. మూడోసారి అక్కడి ఇంజనీరు నవ్వుతూ, "మేడం కన్ఫ్యూజ్ అయ్యుంటారు సర్" అన్నాడు. ఆ నవ్వులో కనబడ్డ పళ్లు ఎన్నో కూడా చెప్పగలను. నేను కళ్లారా చూశానయ్యా, కాలు తీసింది అంటే, భార్యను వెనకేసుకొచ్చే మొగుణ్ని చూసినట్టు చూశాడు. ప్రతిసారీ ఇంటికొచ్చి తివాచీ మళ్లీ పరిచేవాణ్ని.

ఎనిమిది నెలలు గడిచాయి. కదలక కదలక బ్యాటరీ పడిపోయింది. గత్యంతరం లేక మా సందు చివరి మెకానిక్ భాయ్‌ను పిలిచాను. పన్నెండేళ్ల కింద నా స్కూటర్‌ను ఖటారా, తుక్కు బండి అన్నాడని అతని గడప తొక్కలేదు. పిలవగానే నవ్వుతూ వేరే బ్యాటరీ, వైర్లు పట్టుకుని ఇంటికే వచ్చాడు. ఈసారి కారు ఎక్కడికీ పోవడం లేదు కాబట్టి నేను ఖాళీ చేయలేదు.

స్టార్టయింది. బ్యాటరీకి ఊపు రావాలని రేజ్ పూర్తిగా తొక్కి వదిలాడు. ఇంజన్ వదల్లేదు. సందంతా మోగిపోతోంది. భాయ్ తలుపు తీసి తన కుడికాలు బయటపెట్టి చూపించాడు. "దేఖో సాబ్, కాలు ఇక్కడుంది. బండి ఉరుకుతానంటుంది."

ఆ అరుపు విని ఆమె మేడ మీది నుంచి పరుగెత్తుకొచ్చింది. చేతికి పిండి, కళ్ల నిండా నీళ్లు. "గిదే సప్పుడు" అంది. "గిదే."

భాయ్ తాళం తిప్పి ఆపి, వంగి చూశాడు. పట్టా మీద పట్టు లేక తివాచీ ముందుకు జారింది. పెడల్ నిండుగా తొక్కగానే దాని మందపాటి అంచు పైకెక్కి పెడల్‌ను అదిమి పట్టింది. ఆ రోజు కంగారులో కాళ్లు లాక్కునేటప్పుడు అదీ మళ్లీ కిందికి జారి, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంటుంది. షోరూంవాళ్లు వెతికిన మూడుసార్లూ అది మా డాబా మీద ఆరుతోంది. భాయ్ దాన్ని లాగి పైకెత్తాడు. "ఇది ఎవరి పని సాబ్?"

ఎన్నో ఫిర్యాదులు రాసిన చేతులు నావి. ఆ క్షణాన వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. షోరూం పేరు, తోడల్లుడి పేరు, లోకంలో అందరి పేర్లూ నాలుక దాకా వచ్చి వెనక్కి పోయాయి. "నాదే" అన్నాను.

ఆమె తివాచీని చూసింది, నన్ను చూసింది. "నేను కాలు తీసిన్నా, లేదా?"

"తీసినవ్."

"గది చాలు." చేతులు కడుక్కుని, గూట్లోంచి తాళం చెవి తెచ్చింది. తివాచీ చుట్టి వెనక సీట్లో వేసి, నన్ను ఎక్కమంది. ఎక్కుడు ఎక్కాం, పరుపుల దుకాణం దాటాం, జహనుమాలో ఆగాం. ఆమె తోడల్లుడి ముందు తివాచీ పరిచి, "బావా, జర నిలబడు దీని మీద" అంది. నిలబడ్డాడు. "గిది తొక్కింది రేజ్. నేను కాదు." ఆయనకు ఆ రోజు చాయ్ చల్లారిపోయింది. నేను మాత్రం రెండు కప్పులు తాగాను.

అప్పటినుంచి శుక్రవారాలు మళ్లీ మొదలయ్యాయి. వట్టి రబ్బరు పట్టా మీదనే నడుపుతుంది. గుచ్చుకుంటుందా అని అడిగితే, ఉండనీ అంటుంది. గొడుగు తీసినవాణ్ని నేనింకా క్షమించలేదు, క్షమించను కూడా. కాని ఎండలో నిలబడ్డప్పుడల్లా ఒక లెక్క తేలదు నాకు: వాడు నా దగ్గర ఎత్తుకుపోయింది ఒక గొడుగు, ఆ కోపం పట్టుకుని నేను ఆమె దగ్గర ఎత్తుకుపోయింది ఎనిమిది నెలల శుక్రవారాలు. గొడుగైతే ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.