నేను నిదానం చేసిన పాట

ఇది చెప్పుకుంటే నవ్వుతారని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నిజానికి నవ్వొచ్చే సంగతే. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ నవ్వు అరిగిపోయి బరువు మాత్రం మిగిలింది. గిటార్లు హోరెత్తించే ఒక విదేశీ హెవీ మెటల్ బ్యాండు, దాని ఆల్బమ్‌లో మొదటి పాట, రాజమండ్రిలో ముగ్గురు డిగ్రీ కుర్రాళ్ల వాదన. ఇంతే. ఇంత చిన్న విషయంలో ఒక మనిషికి అంత అన్యాయం చెయ్యొచ్చా? చెయ్యొచ్చు. నేను చేశాను.

బ్యాండు పేరు చెప్పను. చెబితే మీలో కొందరు పాట కూడా పట్టేస్తారు. ఆపైన నా తప్పు గాలికి వదిలేసి, ఆ పాట మంచిదా చెత్తదా అని మీరే తగువు మొదలుపెడతారు. ఆ జాతి సంగతి నాకు బాగా తెలుసు, నేనూ అందులో వాణ్నే.

తొంభైల చివర మాట. మా బాబాయికి రాజమండ్రిలో పాటలు రికార్డు చేసి ఇచ్చే షాపు ఉండేది. ఖాళీ క్యాసెట్టు తెచ్చి ఏ పాటలు కావాలో చెబితే సాయంత్రానికి నింపి ఇచ్చేవాళ్లం. కాలేజీ అయ్యాక కౌంటరులో కూర్చునేది నేనే. ఆదివారం మధ్యాహ్నం బాబాయి భోజనానికి వెళ్లగానే షట్టరు సగం దించి, మద్రాసు నుంచి మా బావ పంపిన మెటల్ క్యాసెట్లు పెట్టేవాణ్ని. వినేవాళ్లం ముగ్గురం. నేను, గిరి, దాసు.

గిరి వాళ్లకి రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం. ఎవరు గట్టిగా అరిస్తే గిరి వాళ్ల పార్టీ. దాసు పూర్తి పేరు ప్రభుదాసు. వాళ్ల నాన్నగారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ గుమాస్తా. దాసు పొద్దున్నే చర్చిలో గిటారు వాయించి, అదే ఇస్త్రీ చొక్కాతో, భుజాన గిటారుతో మా షాపుకి వచ్చేవాడు. ప్రతి వారం ఒకటే పని. ఈ బ్యాండు చేసినవాటిలో అన్నిటికన్నా నీరసం పాట ఏది? ఆల్బమ్‌కి అన్నిటికన్నా గొప్ప మొదటి పాట ఏది? క్యాసెట్లు నావి కాబట్టి చాలాకాలం నా మాటే తీర్పు. దాసు వచ్చాక అది చెల్లడం మానేసింది. నేను “బాగుంది”, “బాలేదు” అనేవాణ్ని. వాడు గిటారు మీద ఆ ముక్క పట్టి వాయించి, ఎక్కడ బాగుందో వేలుపెట్టి చూపించేవాడు. నాకు ఒళ్లు మండేది. అసూయ అంటారు దాన్ని. అప్పుడు ఆ పేరు పెట్టుకోలేదు.

అలా ఉండగా బ్యాండులో పాటగాడు మారాడని తెలిసింది. కొత్త ఆల్బమ్ ఇంకా మా చేతికి రాకుండానే నేను తీర్పు చెప్పేశాను. ఇక వీళ్ల పని అయిపోయింది, కొత్త ఆల్బమ్ మొదటి పాటే వీళ్ల పాటలన్నిటిలోకీ చెత్తది అవుతుంది, కావాలంటే రాసిపెట్టుకోండి అన్నాను. దాసు నవ్వి, వినకుండా ఎలా చెబుతావురా అన్నాడు. గిరి కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

క్యాసెట్టు వచ్చింది. ఒక్కణ్నే విన్నాను. మొదటి పాట అద్భుతంగా ఉంది. గుర్రంలా దౌడు తీసింది. నేను కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని ఓడిపోయాను.

ఇక్కడ మీకు మా షాపు విద్య ఒకటి చెప్పాలి. టేప్‌రికార్డరు మోటారు వెనక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో ఒక స్క్రూ. సన్న స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే మోటారు వేగం మారుతుంది, దాంతో పాట వేగం, శ్రుతి కూడా మారతాయి. క్యాసెట్టులో పట్టనన్ని పాటలు అడిగితే బాబాయి ఆ స్క్రూ ఒక వెంట్రుకవాసి తిప్పి, పాటల్ని కాస్త పరుగెత్తించి ఇమిడ్చేసేవాడు. కొనుక్కున్నవాళ్లు ఎవరూ ఎప్పుడూ కనిపెట్టలేదు. ఆ రోజు కాపీలు ఎక్కిస్తూ నేను దాన్ని రెండోవైపు, పాట మందగించేలా తిప్పాను. వెంట్రుకవాసి కాదు, బాగానే తిప్పాను. మొదటి పాట ఎక్కగానే స్క్రూ మళ్లీ యథాస్థానానికి తెచ్చి మిగతా పాటలు మామూలుగా ఎక్కించాను. దాసుకొకటి, గిరికొకటి. అసలు క్యాసెట్టు సొరుగులో వేసి తాళం పెట్టాను.

అప్పటికి అది చిలిపితనమే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఏమో. చిలిపితనమైతే తాళం ఎందుకు?

మరుసటి ఆదివారం గిరి వస్తూనే, ఎద్దుబండిలా ఉందిరా బాబూ, నువ్వే గెలిచావు అన్నాడు. నేను దాసు వైపు చూశాను. వాడు తొందరపడలేదు. ఇదే వీళ్లు చేసిన మొదటి పాటలన్నిటిలోకీ గొప్పది అన్నాడు.

నేను ఇప్పటికీ ఆశ్చర్యపోయేది అక్కడే. వాడికి ఆ మందకొడితనంలో ఏం వినబడింది? చర్చి హార్మోనియంతో సరిచూశాడట. ఈ పాట ఏ మెట్టు మీదా నిలవడం లేదు, రెండు మెట్ల మధ్య పడుతోంది, తీగలు కావాలనే వదులు చేసి వాయించి ఉంటారు అన్నాడు. కొత్త పాటగాడు ఒక్కో మాటా మోసుకొచ్చి కింద పెడుతున్నాడన్నాడు. అని ఊరుకోలేదు. గిటారు తీగలు ఆ శ్రుతికే దించి వాయించి చూపించాడు. బాగుంది. దేవుడి సాక్షిగా బాగుంది. నేను పాడుచేసిన పాటని వాడు బాగుచేసి నాకే వినిపిస్తున్నాడు. నేను రెండోసారి ఓడిపోయాను, ఈసారి నా సొంత మోసం చేతిలో. అప్పుడే నిజం చెప్పేసి ఉంటే ముగ్గురం పడీపడీ నవ్వుకునేవాళ్లం. సంగతి అక్కడితో అయిపోయేది.

చెప్పలేదు. కొన్ని వారాలకి కాకినాడలో ఇంజనీరింగ్ కుర్రాళ్ల బ్యాండు ఒకటి గిటారు వాయించేవాడి కోసం చూస్తోందని తెలిసి దాసు కబురు పెట్టాడు, వాళ్లు రమ్మన్నారు. చర్చి బయట నలుగురి ముందు వాయించడం వాడికి అదే మొదలు. అంతకన్నా పెద్ద కోరిక వాడికి ఇంకోటి ఉన్నట్టు నేనెరగను. ఏ పాట వాయిస్తావు అంటే ఆ పాటే అన్నాడు. ఆపడానికి నాకు చాలినంత టైముంది. బస్సెక్కించడానికి బస్టాండు కాంప్లెక్సుకి కూడా నేనే వెళ్లాను.

అక్కడ ఏం జరిగిందో మీరు ఊహించగలరు. వాళ్లు అసలు వేగంలో, అసలు శ్రుతిలో అందుకున్నారు. వీడి తీగలు ఒకచోట, వాళ్లవి ఒకచోట. వీడి వేళ్లు అంత పరుగు ఎప్పుడూ నేర్చుకోలేదు. ఆపి, పాట ఇలా ఉండదండీ అని చెప్పబోయాడట. ఎవరో, ఇదేమన్నా ప్రార్థన కూటమా బ్రదర్ అన్నారట. అందరూ నవ్వారట.

మర్నాడు షాపుకొచ్చాడు. గిటారు తేలేదు. అప్పటి మా మాటలు నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

“ఒరేయ్, నువ్విచ్చిన కాపీలో ఏమన్నా తేడా ఉందంటావా?”

“తేడా ఏంటి?”

“స్పీడేమన్నా తగ్గిందేమోనని. అసలుది ఓసారి పెట్టరా, విందాం.”

“అది మద్రాసు పంపించేశాను కదరా.”

సొరుగు నా మోకాలికి తగులుతోంది.

“టేపు తప్పైతే అన్ని పాటలూ తప్పుగా రావాలి కదరా. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయిగా?” అన్నాను మళ్లీ నేనే.

వాడు ఒక్కో పాటా వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

“అవునురా. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే నా చెవే. నాకసలు చెవి లేదన్నమాట.”

చూడండి, స్క్రూ తిప్పినందుకు నన్ను నేను ఏదో ఒక రోజు క్షమించుకునేవాణ్నేమో. కుర్రతనం, పంతం, ఇంకేవో చెప్పుకునేవాణ్ని. కానీ ఆ రెండో అబద్ధం అంత చక్కగా, అంత లాజిక్కుగా, అంత చల్లగా నా నోట ఎలా వచ్చింది? ఎదురుగా వాడి మొహం చూస్తూ ఎలా వచ్చింది? నాలో ఎవడున్నాడు? ఇన్నేళ్లుగా వాణ్ని వెతుకుతున్నాను. ఒక్కోసారి అద్దంలో దొరుకుతాడు, ఒక్కోసారి ఎంతో మర్యాదగా తప్పుకుంటాడు.

దాసు చర్చిలో కూడా వాయించడం మానేశాడు. ఆదివారాలు రావడం తగ్గించాడు. వచ్చినా వాదించేవాడు కాదు, మీరే చెప్పండ్రా అనేవాడు. వాదించేవాడు లేక ఆ గెలుపు నాకూ చప్పబడింది. తర్వాత షాపు మూతపడింది, క్యాసెట్లే పోయాయి. వాడికి కూడా ఇరిగేషన్‌లోనే ఉద్యోగం వచ్చింది.

మొన్న ధవళేశ్వరం బస్సులో కనబడ్డాడు. పక్కన ఒకటో తరగతి చదివే కూతురు. ఆ పిల్ల కిటికీకి ఆనుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. బస్సు ఇంజను గురగురమంటుంటే, ఆ శబ్దానికి సరిగ్గా శ్రుతి కలిపి తీస్తోంది. డ్రైవరు గేరు మారిస్తే పిల్ల కూడా రాగం మార్చింది. సంగీతం చెప్పిస్తున్నావా అని అడిగాను. వాళ్ల టీచరు కూడా అడిగిందట. దాసు నవ్వేశాడు.

“మా ఇంట్లో చెవులు లేవురా. నాది చూశావుగా. దానికి మాత్రం ఎందుకు ఆ ఆశ?”

పిల్ల పాడటం ఆపేసింది.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా. నీ చెవి బాగానే ఉంది అంటే, నీకెలా తెలుసు అని అడుగుతాడు. దానికి జవాబు చెప్పాలి. నా స్టాపు రాకుండానే దిగిపోయాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. వాణ్ని అడిగే ధైర్యం వస్తుందో లేదో నాకే తెలియదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట బయట పెడుతున్నాను, అంతే. స్క్రూ తిప్పిన చెయ్యి కాస్త తేలికైంది. దాసుకి చెవి ఉంది. మా ముగ్గురిలో వాడికొక్కడికే ఉంది. ఆ సంగతి వాడికి తప్ప ఇప్పుడు మీకందరికీ తెలుసు.