మా చిన్నాయన రాసిన నడిమి మాట

పోయిన మంగళవారం కళ్లద్దాలు మార్పించుకోవడానికి జగిత్యాల వెళ్లాను. బస్టాండు ఎదుట కరెంటు స్తంభానికి ఎవరో కాలేజీ పిల్లలు చిన్న ఫ్లెక్సీ ఒకటి కట్టారు. 'దేవుణ్ని నమ్మనివాళ్లు కూడా మీ పక్కింట్లోనే ఉంటారు. పలకరించండి' అని రెండే వాక్యాలు. నాయకుల ఫొటోలు లేవు, పుట్టినరోజు శుభాకాంక్షలు లేవు, అందుకే కాబోలు నా చూపు దాని మీద ఆగింది. రెండు గంటల తర్వాత కొత్త అద్దాలు పెట్టుకుని వచ్చేసరికి అది నిలువునా చీలి వేలాడుతోంది. కింద నలుగురు చేరారు. అందులో ఒక పెద్దమనిషి, చీరినవాళ్లను వదిలేసి కట్టిన పిల్లల్ని గదమాయిస్తున్నాడు. "మీకేం పని లేదా? ఊకుండరాదా?" అంటున్నాడు. బస్సెక్కి కూర్చున్నా నాలో నేనే ఆ పెద్దమనిషిని తిట్టుకుంటూ ఉన్నాను. పక్క సీటావిడ "బీపీ గోలీ ఏసుకున్నవా అక్కా?" అని అడిగింది. వేసుకునే వచ్చాను. ఈ కోపం గోలీలకు లొంగేది కాదు. దీనికి పాతికేళ్లు.

మా చిన్నాయన కోరుట్లలో గోడల మీద రాసే పెయింటరు. మాది మల్లాపూర్ దగ్గరి ఊరు, తాతముత్తాతలు తాళ్లు గీసి కల్లు తీసినవాళ్లు. తాటిచెట్టు ఎక్కాల్సినవాడు నిచ్చెన ఎక్కి ఆగిపోయాడని మా నాన్న తమ్ముణ్ని వెక్కిరించేవాడు. ఫ్లెక్సీలు రాకముందు ఆ చుట్టుపక్కల గోడలన్నీ చిన్నాయనవే. విత్తనాలు, సిమెంటు, దగ్గుమందు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల గుర్తులు. అప్పట్లో కోరుట్ల నుంచి ఇంటికొకరు గల్ఫుకు పోతున్నారు. 'దుబాయి, మస్కట్ వీసాలు సిద్ధం' అని ఏజెంట్లకు రాసేది ఆయనే, పెట్టెలో తిరిగొచ్చినవాళ్లకు శ్రద్ధాంజలి బోర్డు రాసేదీ ఆయనే. "పోయెటప్పుడు నీలం రంగు, అచ్చెటప్పుడు నలుపు" అనేవాడు. గుడి కమాను మీద దేవుడి పేరు రాసిన చేత్తోనే ఆ వెనక గోడ మీద 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని రాసేవాడు. రెండింటికీ ఒకటే శ్రద్ధ. ఏం రాస్తున్నాడో పట్టించుకునేవాడు కాదు, అక్షరం గుండ్రంగా రావాలి, అంతే. 'ళ' రాసేటప్పుడు నాలుక కొస బయటికొచ్చేది. దగ్గరికి వెళితే కిరోసిన్ వాసన, రంగు వాసన, వాటి మీద బీడీ వాసన. నాస్తికుడని ఆయన్ని ఎవరూ అనలేరు. ఏటా కొండగట్టు గుడికి పోయి వచ్చి కొబ్బరిముక్కలు మా అందరి చేతుల్లో పెట్టేవాడు. ముక్కల మీద రంగు మరకలుండేవి. మా అమ్మ కడిగి ఇచ్చేది.

మా మేనత్త, అంటే చిన్నాయనకు అక్క, సిరిసిల్లలో ఉండేది. మామ సాంచెలు నడిపేవాడు, మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో నిలబడి చెవులు మందగించి, ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినపడేలా అడిగేవాడు. పక్కింటివాళ్లు తమాషాకు ఉప్పు తెచ్చి ఇచ్చిన రోజులున్నాయి. కనుబొమ్మల మీద, మీసం మీద ఎప్పుడూ తెల్లటి దుమ్ము. చిన్నప్పుడు నేనాయన్ని ముసలివాడనుకునేదాన్ని. స్నానం చేసి వస్తే నల్లటి మీసంతో ఇంకెవరో బయటికి వచ్చినట్టుండేది. తర్వాత నూలు రావడం తగ్గింది. షెడ్డు తెరిచిన రోజులకన్నా మూసిన రోజులు ఎక్కువయ్యాయి. అదే పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండి వెళ్లాడు. అక్కడా అదే తీరు, దగ్గు తెచ్చుకుని తిరిగొచ్చాడు. ఆ వానాకాలం మామ తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ వీధుల్లో అలా పోయినవాళ్లలో ఆయన మొదటివాడు కాదు. అంతకు మించి ఆ సంగతి రాయను.

నేనప్పుడు సిరిసిల్ల పక్కనే బోయినపల్లి దగ్గర అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. ఆదివారాలు అత్త దగ్గరికి వెళ్లేదాన్ని. దినాలు అయిపోయిన మూడో వారమో నాలుగో వారమో, పొద్దున్నే వెళ్లేసరికి ఎదురింటి గోడకు నిచ్చెన వేసి ఉంది, పైన చిన్నాయన ఉన్నాడు. ఊళ్లో చావులు ఎక్కువయ్యాయని కొందరు దాతలు కలిసి, జనానికి మంచిమాటలు చెప్పాలని, వీధి వీధికీ గోడ మీద రాయించే పని ఆయనకు అప్పగించారట. రెండు రోజులుగా రాస్తున్నాడు. అక్క ఇంటి ఎదుటి గోడ కూడా వాళ్లిచ్చిన చీటీలో ఉంది. ఆయనకు అది ఒక గోడ. అత్త గడపలో కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తమ్ముడు వచ్చాడని చాయ్ కూడా పెట్టి ఇచ్చింది. ఆమెకు చదువు రాదు. కాసేపు ఆ అక్షరాల వంక చూసి నన్నడిగింది.

"ఏం రాస్తున్నడే మీ చిన్నాయన?"

నేను చదివాను. చదవకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను గానీ, అప్పటికి నోరు జారింది. "ఆత్మహత్య మహాపాపం. దేవుడు క్షమించడు."

అత్త చేతిలో తునికాకు అలాగే ఉండిపోయింది. చాట పక్కన పెట్టి, ఒళ్లో రాలిన జర్దా పొగాకు దులుపుకుని, వీధి దాటి వెళ్లి నిచ్చెన పట్టుకుంది.

"తమ్మీ, మీ బావ పాపం చేసిండా?"

చిన్నాయనకు ముందు అర్థం కాలేదు. తాను రాసింది తానే తలెత్తి చదువుకున్నాడు. బహుశా తన రాతను ఆయన చదవడం అదే మొదటిసారి. "నేనన్నది గాదక్కా, గా పెద్దమనుషులు రాసిచ్చిన్రు" అన్నాడు.

"చెయ్యి ఎవలది?" అంది అత్త. "నేను పొద్దున లేస్తె గిదే చూసుడు. పోరగాళ్లు బడికి పోతె గిదే చదువుడు. మీ అయ్య పాపాత్ముడని దోస్తులు చెప్తరు. చెయ్యి ఎవలది తమ్మీ?"

చిన్నాయన నిచ్చెన దిగాడు. సున్నం బకెట్టు తెచ్చి ఆ గోడంతా తెల్లగా కొట్టాడు. ఎండలో అది ఆరేదాకా బీడీ మీద బీడీ కాల్చాడు. ఆరాక మళ్లీ ఎక్కి, మూరెడు మూరెడు అక్షరాలతో మూడు మాటలు రాశాడు. 'చచ్చినోళ్లు పాపం చెయ్యలే. దేవుడు లేడు. పని కావాలె.' ఏనాడూ గోడకు సంతకం పెట్టని మనిషి, కింద తన పేరూ ఊరూ రాసుకున్నాడు. ఈసారి అత్త అడక్కుండానే నేను చదివి వినిపించాను. ఆమె తల ఊపి, మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది.

మధ్యాహ్నానికి జనం పోగయ్యారు. నా కోపమంతా ఇక్కడే ఉంది. 'మహాపాపం' అని రెండు రోజులుగా వీధి వీధినా కనపడుతుంటే ఎవరి మనసూ నొచ్చుకోలేదు. భర్త పోయిన ఆడమనిషి ఇంటి ముందు ఆ మాట రాయడం ఎవరికీ తప్పనిపించలేదు. ఇప్పుడు మాత్రం గుడి కమిటీ పెద్దాయన ఊగిపోతూ వచ్చాడు. "శ్రావణమాసంల గీ రాతలేందిరా? దేవుడు లేడంటవా? నీకు కండ్లు పోతయ్" అన్నాడు. మామ పనిచేసిన షెడ్డు యజమాని కూడా వచ్చాడు. మామ పోయినప్పుడు గుమ్మం తొక్కని మనిషి, దేవుడి కోసం పరుగెత్తుకొచ్చాడు. గుంపులో ఒక ముసలి కార్మికుడు అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదువుతున్నాడు. "ప... ని... కా... వా... లె." యజమాని అతని భుజం పట్టి "నువ్వు నడువ్" అని పక్కకు తోశాడు. మూడో మాట గురించి అక్కడ ఇంకెవరూ నోరెత్తలేదు. అందరికీ రెండోదే కావలసి వచ్చింది.

ఎవరో నా వైపు తిరిగి, "నువ్వు చదువుకున్నదానివి, జర చెప్పమ్మా" అన్నారు. నేను చెప్పాను. దాన్ని దాచుకోను. ఉద్యోగం పోతుందన్న భయమో, గుంపు భయమో, చిన్నాయన దగ్గరికి వెళ్లి మెల్లిగా, "చిన్నాయనా, గా నడిమి మాటొక్కటి తీసెయ్యరాదు. మిగిలినయి ఉండనీ" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు. "నడిమిది తీస్తె పాపమన్నోడు మల్ల అస్తడు బిడ్డా" అన్నాడు. "క్షమించెటోడు ఉన్నడంటె, మీ మామ తప్పు చేసినట్టే గద?"

అంతలోనే ఇద్దరు ముగ్గురు కలిసి నిచ్చెన లాగి రాయి మీద వేసి విరగ్గొట్టారు. రంగు డబ్బాలు మురికి మోరీలో పారబోశారు. గోడ మీద పేడ కొట్టారు. చిన్నాయన చెయ్యి ఎత్తలేదు, వంగి మోరీలోంచి డబ్బాలు ఏరుకున్నాడు. వీధిలోకి వచ్చి నిలబడింది అత్తే. "దేవుడు ఉన్నడని రాయున్రి, నాకేం నొప్పి లేదు. నా మొగోణ్ని ఎందుకు కాపాడలేదో గది సుత కింద రాయున్రి" అంది. గుంపు మెల్లిగా పలచబడింది.

మర్నాడు గోడకు ఎవరో సున్నం కొట్టించారు. అయితే ఆ సాయంత్రం పక్క వీధి నుంచి ఒక పడుచు అత్త ఇంటికి వచ్చింది. ఆమె పెనిమిటీ అలాగే పోయాడు. గడప దగ్గరే నిలబడి, "మా ఇంటి గోడ మీద సుత రాయమను అత్తమ్మా. మా గోడ మాదే, ఎవడు చెరిపేస్తడో చూస్త" అంది. చిన్నాయన స్టూలు ఒకటి అడిగి తీసుకుని వెళ్లి అవే మూడు మాటలు రాశాడు. ఆ గోడను నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు, ఆమె ఇల్లు అమ్మేదాకా.

కోరుట్లలో మాత్రం చిన్నాయన చేతికి పని రాలేదు. "నీ చేత్తోని రాసింది మా దుకాణానికి అచ్చిరాదు" అని విత్తనాల షావుకారు మొహం మీదే అన్నాడట. గుడి కమాను మీది పేరును ఇంకొకరితో గీకించి మళ్లీ రాయించారు. కొత్త అక్షరాలు వంకరగా వచ్చాయని చిన్నాయన చాలా బాధపడ్డాడు, పని పోయినందుకు కూడా అంత బాధపడలేదు. రెండేళ్లు చూసి, నలభై ఆరేళ్ల వయసులో, ఏ ఏజెంటుకు గోడలు రాశాడో ఆ ఏజెంటు ద్వారానే దుబాయి వెళ్లాడు. అక్కడ భవనాలకు రంగులు వేసే పని. ఫోనులో, "గోడలు గింత పెద్దగున్నయి బిడ్డా, ఒక్క అక్షరం లేదు" అన్నాడు. ఆరేళ్లకు తిరిగొచ్చేసరికి ఊరంతా ఫ్లెక్సీలు. అయినా ఏటా కొండగట్టు పోవడం మానలేదు. దేవుడు లేడని రాసినవాడివి ఎందుకు పోతున్నావని ఎవరైనా ఎగతాళి చేస్తే, "కొండ మీద గాలి మంచిగుంటది, దానికి సుత మీ పర్మిషన్ గావాల్నా?" అనేవాడు. మూడేళ్ల కిందట పోయాడు. ఆ మహాపాపం మాట చీటీ మీద రాసిచ్చిన దాతలను ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అడగలేదు. మా అత్తకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. నేను చిన్నాయనకు చెప్పాను, ఆయన ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు. అప్పటికే ఆయన ఆ సంగతి మరిచిపోయినట్టు నవ్వాడు. నిజంగా మరిచాడో లేదో నాకు తెలియదు.

నిచ్చెన విరిగిన తర్వాతి ఆదివారం అత్త నాతో, "నాకు అక్షరాలు చెప్పు. నా ఇంటి ముంగట ఏం రాసిన్రో ఇంకోళ్లను అడుగుడు నాతోని గాదు" అంది. చాటలో జర్దా పలచగా పరిచి, వేలితో 'అ' దిద్దించాను. ఇద్దరం తుమ్ముతూ తుమ్ముతూ ఏడాది పట్టించాం. ఇప్పుడామెకు డెబ్బై రెండు. వీధిలో పోతూ కనిపించిన ప్రతి గోడనూ పైకి చదువుతుంది, అబద్ధమనిపిస్తే అక్కడే తిడుతుంది. కాలం అన్నీ చల్లారుస్తుందని పెద్దలంటారు. పాతికేళ్లలో నా జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి, చూపు తగ్గింది. ఆ ఆదివారం నాటి కోపానికి మాత్రం ఇంకా ఒక్క రోజు వయసు కూడా రాలేదు.