ఠాణా వాకిట్లో మంద

దేవరకొండ దిక్కున మా గొర్ల మంద దగ్గర ఒక పఠాను పనిచేసేవాడు. శాలువాలు అమ్ముకునే తండ్రి వెంట చిన్నప్పుడే కాబూలు నుంచి వచ్చాడట. తండ్రి జ్వరంతో మా ఊళ్లోనే పోతే, మా మామ అతన్ని గొర్ల కాపరిగా పెట్టుకున్నాడు. నేను కోడలిగా వచ్చేనాటికి గొర్లు మా ఆయన మాట కంటే అతని మాటే ఎక్కువ వినేవి. ఈ మాట మా ఆయన ముందే అంటాను, నాకేం భయం?

పోలీసు చర్య అయిన కొన్నేళ్లకు పరదేశీలంతా పర్మిట్టు చూపించాలన్నారు. ఏటా ఠాణాలో గడువు పెంచేవారు. ఆ ఏడు ఠాణా పెద్దగా వచ్చిన కొత్త అమీను మాత్రం, "నీకు ఈడ ఇల్లు లేదు, ఆస్తి లేదు. గడువు కాంగనే నీ దేశం పోవాలె" అన్నాడట. ఆ సంగతి చెప్పి పఠాను తల పట్టుకున్నాడు. కాబూలులో అతన్ని గుర్తుపట్టే మనిషి లేడు. నాకు ఒళ్లు మండింది.

మా వైపు కాపరికి జీతం గొర్రెపిల్లల్లోనే ఇస్తారు. వాటి చెవికి అతని కోత పడుతుంది. మా కోత కుడి చెవికి, అతనిది ఎడమ చెవికి. కోత ఎవరిదైతే గొర్రె వాళ్లది.

"అత్తా, మందను ఠాణాకు తోలుదాం" అన్నాను. ఖాకీ అంటే వణికే మా ఆయన గొంగడి ముసుగేసుకున్నాడు. అత్త మాత్రం కర్ర అందుకుంది.

ఠాణా వాకిలంతా గొర్లే. ఒక పొట్టేలు అమీను నాటించుకున్న గులాబీ మొక్కను మొదలంటా మేసింది. అమీను అరుస్తూ బయటికొచ్చాడు.

"ఏందవ్వా గిది?"

"పఠానుకు ఆస్తి లేదంటివట గద సారూ!" అత్త ఒక్కొక్క గొర్రె చెవి పట్టి చూపించింది. "గీ ఎడమ చెవి కోతున్న జీవాలన్నీ వానియే. గిది తల్లి, గిది బిడ్డ, గిది మనుమరాలు. వాన్ని పంపితే గివి ఎవరికియ్యాలె? మేం తీసుకుంటే దొంగతనమైతది. నువ్వు తీసుకుంటవా?"

అమీను తనే నాలుగు గొర్ల చెవులు పట్టి చూసుకున్నాడు. చివరికి అత్తతో జామీను వేలిముద్ర వేయించుకుని, పైకి సిఫారసు రాశాడు. కొన్ని నెలలకు పఠాను ఇక్కడే ఉండిపోవచ్చని హైదరాబాదు నుంచి హుకుం వచ్చింది. నేను ఊరంతా బెల్లం పంచాను.

"ఇగ నువ్వు మా కాపరివి గాదు. నీ మంద నువ్వు తోలుకో" అంది అత్త.

ఆ ఎండాకాలం కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డుకు మేతకు పోయేటప్పుడు ముందు అతని మంద, వెనక మాది. దారిలో ఎవరో రైతు ఆపి, "గీ మంద ఎవలిది?" అని అడిగాడు.

"నాదే!" అన్నాడు పఠాను. ఆ గొంతు వెనకున్న మా దాకా వినిపించింది.