కొసరు వద్దన్న గుడ్ల కోసం అబ్దుల్లాపూర్‌మెట్ దాకా

మా చెల్లెలు శ్రావణి కోళ్ల టీకాల మీద పరిశోధన చేస్తోంది. టీకా వైరస్ బతికున్న కణాల్లో తప్ప పెరగదట, అందుకే పిండం ఉన్న గుడ్లలో పెంచుతారు. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ మా ఇంట్లో, ఎవరికి ఏం పెట్టినా పైన కొసరు వేయకపోతే పెట్టినట్టే కాదు. ఆ అలవాటు దాని చేతికీ వచ్చింది కాబోలు, బాగా పెరుగుతుందని పోయిన నెల గుడ్లలోకి వైరస్ మోతాదు పెంచి ఎక్కించింది. వైరస్ సరిగా పెరగకముందే పిండాలన్నీ చనిపోయాయి. ల్యాబ్ పెద్దాయన ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఇదీ పోతే పని వేరేవాళ్ల చేతికి వెళ్తుంది. గుడ్లు తేవడానికి తోడు రమ్మంటే బయల్దేరాను.

ఉదయం ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే కాసేపట్లోనే ఎల్బీనగర్. మేం వెళ్లాల్సిన, గుడ్లు పొదిగించే హేచరీ విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉంది. బస్సులున్నాయి కానీ గుడ్లతో తిరిగి రావడం కష్టం. రానూపోనూ ఆరువందలకు ఆటో మాట్లాడుకున్నాం. హయత్‌నగర్ దాకా ట్రాఫిక్, ఆ తర్వాత దారి హాయిగా ఉంది. హేచరీలో చీకటిగదిలో ఒక గుడ్డును లైటు మీద పెట్టి చూపించారు. ఎర్రటి నరాల మధ్య చిన్న చుక్క కదిలింది. నాకు చెప్పలేనంత ముద్దొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు ట్రేలు మా ఒళ్లో ఉన్నాయి. డ్రైవర్ యాదగిరన్న ప్రతి గతుకూ ముందే చెబుతూ నడిపాడు. కాసేపటికి అడిగాడు.

"గీ పిల్లలు బతుకుతయా అక్కా?"

శ్రావణి అబద్ధం చెప్పలేదు. "బతకవన్నా. వీటివల్ల మిగతా కోళ్లు తెగులుకు పోకుండా ఉంటాయి. పోయినసారివి మాత్రం ఊరికే పోయాయి, నావల్ల."

ఆయన ఇంకో గతుకు దగ్గర ఆటో నెమ్మది చేశాడు. తర్వాత, "ఈసారి పైలంగ చెయ్యి బిడ్డా" అన్నాడు.

ల్యాబ్‌లో శ్రావణి వైరస్‌ను పలచన చేసింది. పోల్చి చూడటానికి కొన్ని గుడ్లకు పోయిన నెలనాటి పాత మోతాదే, కొన్నిటికి బాగా తగ్గించి. అద్దం బయట నిలబడి చూస్తున్నాను. ఇంకొంచెం వేద్దామన్నట్టు సిరంజి మీద దాని వేలు ఆగింది. మళ్లీ తనే వెనక్కి తీసుకుంది. కొద్దిరోజులకు ఫలితం వచ్చింది. పాత మోతాదు గుడ్లు మళ్లీ తొందరగానే పోయాయి. తక్కువ అందుకున్నవి నిలబడ్డాయి, వైరస్ ఎక్కువ పెరిగింది వాటిలోనే. పని దాని దగ్గరే ఉండిపోయింది.

కొలిచి పెట్టడం మా ఇంటావంటా లేదు. ఆ రాత్రి అమ్మ రెండో గరిటె పప్పు తెస్తే శ్రావణి చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ చిన్నబుచ్చుకుని ఆ గరిటె నా కంచంలో గుమ్మరించింది. ఆవిడ మారదు, మారకపోతేనే నాకిష్టం. మీరూ ఇలాంటి గుడ్లు తేవాల్సొస్తే మొద్దువైపు పైకి పెట్టి, ట్రే ఒళ్లో ఉంచుకోండి. వాటిలో ప్రాణం ఉందని ఆటోవాళ్లకు ముందే చెప్పండి. ఫలితం వచ్చాక కూడా ఒక మాట చెప్పండి. మేం ఎల్బీనగర్ మెట్రో కింద యాదగిరన్నను వెతుక్కుని చెప్పాం. ఆయన ఆటో ఆపేసి మొత్తం విన్నాడు.

"అయితే ఈసారి ఉత్తగ పోలే" అన్నాడు.